ప్రాంక్ సినిమా చూసి పగలబడి నవ్వాను, పిల్లలకు దొరికిపోయాను. ఇప్పుడు మేమూ చూస్తామంటున్నారు

పటమట అమ్మ

అందరికీ నమస్కారం. కొంచెం సిగ్గుపడుతూనే రాస్తున్నా. తిట్టేవాళ్ళు తిట్టండి గానీ మొత్తం చదివి తిట్టండి.

మాది విజయవాడ, పటమట. పెద్దది ఇంటర్ సెకండియర్, పదిహేడు నిండాయి. చిన్నోడికి పద్నాలుగు, తొమ్మిదో క్లాసు. అత్తయ్యగారు మాతోనే ఉంటారు. మా వారికి ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపు, రాత్రి పదింటికి గానీ ఇంటికి రారు, వచ్చి అన్నం తిన్నాక ఓ గంటసేపు టీవీ ముందు కూర్చోవడమే మా ఇద్దరికీ మిగిలిన షికారు. పోయిన శనివారం పిల్లలు పడుకున్నారు కదా అని నెట్‌ఫ్లిక్స్‌లో బ్యాడ్ ట్రిప్ అనే ఇంగ్లీషు సినిమా పెట్టాం. 2021లో వచ్చింది, ఎరిక్ ఆండ్రే, లిల్ రెల్ హౌరీ, టిఫనీ హ్యాడిష్ ఉంటారు. కథ అంటారా, పెద్దగా లేదు. ఇద్దరు స్నేహితులు ఫ్లోరిడా నుంచి న్యూయార్క్ దాకా ఒక అమ్మాయి కోసం కారేసుకుని పోతారు, ఆ కారు వాళ్ళలో ఒకడి తోబుట్టువుది, ఆవిడేమో జైలు నుంచి పారిపోయి వీళ్ళ వెంట పడుతుంది. అసలు సంగతి ఏంటంటే ఈ నటులు తప్ప చుట్టూ కనపడే జనంలో ఎక్కువమంది నిజం జనమే. వాళ్ళకి అది షూటింగ్ అని తెలీదు. కెమెరాలు దాచిపెట్టి తీశారు.

మొదట్లోనే కార్లు కడిగే చోట వాక్యూమ్ గొట్టం హీరో బట్టలన్నీ లాగేసుకుంటుంది. సరిగ్గా అప్పుడే స్కూల్లో తను ఇష్టపడ్డ అమ్మాయి వస్తుంది. వీడు ఒంటి మీద నూలుపోగు లేకుండా దాక్కోవడానికి చోటు వెతుక్కుంటుంటే, అక్కడున్న పెద్దమనిషి మొహం చూడాలి మీరు. నేను అత్తయ్యగారు లేస్తారేమో అని దిండు కొరుక్కుంటూ నవ్వాను. మా వారైతే సోఫా మీంచి కిందికి జారారు, పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన అలా నవ్వడం నేను చూడలేదు. కన్నీళ్ళు తుడుచుకుంటూ వెనక్కి తిరిగితే కర్టెన్ దగ్గర ఇద్దరూ నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచో తెలీదు. అప్పుడు తెర మీద ఏముందయ్యా అంటే గొరిల్లా సీన్. చూసినవాళ్ళకి అర్థమవుతుంది, చూడనివాళ్ళకి నేను చెప్పలేను.

"అమ్మా, నువ్వు ఇలాంటివి చూస్తావా!" అన్నాడు చిన్నోడు. తప్పు పట్టినట్టు అనలేదండి, నా మీద గౌరవం పెరిగినట్టు అన్నాడు. నా భయం అదే.

ఆ రోజు నుంచి ఇంట్లో ఒకటే గోల, మాకూ పెట్టమని. పద్దెనిమిది నిండినవాళ్ళ సినిమా అని నేను, మరి నవ్వావుగా అని వాళ్ళు. ఇంకో సంగతి కూడా చెప్పాలి, అది చెప్పకపోతే మీకు నా టెన్షన్ అర్థం కాదు. రెండు నెలల క్రితం మావాడు రీల్స్ చూసి చూసి మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దగ్గరికెళ్ళి, "తాతా, వచ్చే నెల నుంచి నిన్ను రావద్దన్నారు, కొత్తాయన్ని మాట్లాడారంట" అని బాగా సీరియస్‌గా చెప్పాడు. వాడి ఫ్రెండు మెట్ల పక్కన నక్కి ఫోన్‌లో తీశాడు. ఆయన ఏమీ అనలేదు. కుర్చీలోంచి లేచాడు, తువ్వాలు దులిపాడు, మళ్ళీ కూర్చున్నాడు. అంతే. ఆ వీడియో నేను చూశాను. అందులో నవ్వడానికి ఏముందో నాకు ఇప్పటికీ తెలీదు, వీళ్ళిద్దరి కిచకిచలు మాత్రం వినపడతాయి.

ఆ రోజు వాణ్ణి చెడామడా తిట్టాను. ఇప్పుడు వాడు అడుగుతున్నాడు, "నేను చేస్తే తప్పు, అదే పని వాళ్ళు చేస్తే దిండు కొరుక్కుని నవ్వుతావా?" అని. దీనికి సమాధానం ఉందని నాకు తెలుసు. నోటికి రావడం లేదు.

పిల్లలకి ఈ సినిమా చూపించాలా వద్దా, వాడికి ఏం చెప్పాలి? టీనేజీ పిల్లలున్నవాళ్ళు మీ ఇంట్లో ఏం చేస్తారో చెప్పండి.

అరండల్‌పేట నాన్న

మేడమ్, మాది గుంటూరు. ముందు ఆ నెట్‌ఫ్లిక్స్‌కి తాళం వెయ్యండి, తర్వాత చర్చలు పెట్టుకుందాం. బ్రౌజర్‌లో అకౌంట్‌లోకి వెళ్తే ఒక్కో ప్రొఫైల్‌కి ఏ వయసు వరకు సినిమాలు కనపడాలో విడివిడిగా పెట్టుకోవచ్చు. మీ ప్రొఫైల్‌కి నాలుగంకెల పిన్ పెట్టండి. పుట్టినరోజులు, బండి నంబరు పెట్టకండి, అవి వాళ్ళకి మనకన్నా బాగా తెలుసు. ఫలానా సినిమా ఒక్కటే కనపడకుండా చేసే ఆప్షన్ కూడా ఉంది. ఇదంతా పది నిమిషాల పని.

2021లో వచ్చిన ఐటీ రూల్స్ ప్రకారం ఓటీటీలో ప్రతి సినిమాకీ వయసు రేటింగ్ వెయ్యాల్సిందే. యు, తర్వాత యు/ఏ 7+, 13+, 16+, ఆ పైన ఏ. 13+ నుంచి లాక్ సౌకర్యం ఇవ్వాలి. థియేటర్లలో కూడా 2023 సవరణ తర్వాత యూఏని ఇలాగే మూడు ముక్కలు చేశారు. హాల్లో ఏ సర్టిఫికెట్ సినిమా అయితే పద్దెనిమిది లోపు వాళ్ళని తల్లిదండ్రులు వెంట ఉన్నా లోపలికి పంపకూడదు. ఇంట్లో గేటు దగ్గర చీటీ చింపేది మనమే. మనమే నవ్వుతూ లోపలికి రమ్మంటే ఎలా?

మీరు నవ్వడం తప్పు అనను. నేను కూడా రాత్రిళ్ళు చూస్తాను. కానీ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూస్తాను.

మావగారి బాధితుడు

గొరిల్లా సీన్ నేను మా మావగారితో కలిసి చూశాను. ట్రైలర్ చూసి ఏదో జంతువుల కామెడీ అనుకున్నా. ఇంకేమీ అడక్కండి. ఆ సంక్రాంతి నుంచి ఆయన నాతో వ్యవసాయం గురించి మాత్రమే మాట్లాడుతున్నారు.

పటమట అమ్మ

@మావగారి బాధితుడు మా వారికి చదివి వినిపించాను, మళ్ళీ సోఫా మీంచి జారారు.

@అరండల్‌పేట నాన్న గారూ, పిన్ పెట్టానండి, థాంక్స్. కానీ హెడ్‌ఫోన్స్ మాట దగ్గర ఆగిపోయాను. అంటే వాళ్ళు కూడా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూసుకుంటే మనకి తెలియదనేగా.

హాస్టల్ పాత ఖైదీ

ఆంటీ, నాకు ఇరవై. బీటెక్ థర్డియర్. ఇంటర్ రెండేళ్ళూ విజయవాడ దగ్గర ఒక హాస్టల్లో ఉన్నాను, పేరెందుకులెండి. మీరు దాచాలనుకుంటున్న సీన్లన్నీ మీవాడి ఫోన్లో ఇప్పటికే ముప్పై సెకన్ల ముక్కలుగా వచ్చేసి ఉంటాయి. వాడికి ఫోన్ లేకపోతే పక్కోడి ఫోన్లో. తల్లిదండ్రులు ఈ విషయం కనీసం అనుమానించాలని నా కోరిక. ముక్కల్లో ప్రాబ్లం ఏంటంటే మనిషి కింద పడటం వరకే ఉంటుంది. పడ్డాక ఎవరొచ్చి లేపారో కట్ చేసేస్తారు.

నేను ఆ సినిమా చూశాను. మీవాడి ప్రశ్నకి నాకు తోచింది చెప్తా. అందులో చొక్కా లేకుండా, ప్యాంటు లేకుండా, కక్కుకుని, కొండముచ్చులా వేలాడి పరువు పోగొట్టుకునేది ఎవరు? ఆ ఎరిక్ ఆండ్రే. ఎదురుగా ఉన్నవాళ్ళు ఏం చేస్తారు? "బాబూ బాగానే ఉన్నావా" అంటారు, నీళ్ళిస్తారు, ఆ అమ్మాయి గురించి సలహా ఇస్తారు, స్నేహితులిద్దరూ కొట్టుకుంటుంటే మధ్యలోకొచ్చి విడదీస్తారు. జైలు నుంచి పారిపోయిన ఆవిడ బస్సు కింద నుంచి వచ్చి సాయం అడిగితే రోడ్డు మీద మనిషి నిజంగానే సాయం చెయ్యబోతాడు. మనం నవ్వేది వీడి వెధవతనం చూసి. ఆ జనం మీద చివరికి ఇష్టం పుడుతుంది. మీ తమ్ముడు... సారీ మీ అబ్బాయి చేసిన వీడియోలో వెధవ ఎవరు? వాచ్‌మన్ తాతని వెధవని చేశారు. వీడు మెట్ల పక్కన సేఫ్‌గా ఉన్నాడు. తేడా అక్కడుంది.

మా హాస్టల్లో కూడా 'సరదాకి' అనేవాళ్ళు. రాత్రి రెండింటికి లేపి, "మీ నాన్నకి బాలేదంట, వార్డెన్ పిలుస్తున్నాడు" అని చెప్పి నలుగురు కారిడార్‌లో నిలబడి నవ్వేవాళ్ళు. నాకు జరిగింది. నేను చెప్పుల్లేకుండా మూడంతస్తులు దిగాను. ర్యాగింగ్ మీద మన రాష్ట్రంలో 1997లోనే చట్టం ఉందని అప్పుడు తెలియదు, తెలిసినా వెళ్ళి చెప్పేవాణ్ణి కాదేమో, ఎందుకంటే వాళ్ళు రూమ్‌మేట్స్, మర్నాడు పొద్దున వాళ్ళతోనే టిఫిన్ తినాలి. ఇప్పటికీ రాత్రిపూట ఇంటి నుంచి ఫోన్ వస్తే ముందు కాళ్ళు చల్లబడతాయి.

మీ అమ్మాయికి పదిహేడు అంటున్నారు. పక్కన కూర్చుని చూడండి. చిన్నోడికి మాత్రం ఇంకో రెండేళ్ళు ఆగొచ్చు అనిపిస్తుంది. అది నీతి గురించి కాదు ఆంటీ, అమ్మ పక్కన ఆ గొరిల్లా సీన్ చూడటం పద్నాలుగేళ్ళ వాడికి ఎంత నరకమో మీకు తెలీదు.

అరండల్‌పేట నాన్న

బాబూ, నీ అనుభవం చదివి బాధేసింది. కానీ నువ్వు చెప్పిన లాజిక్ పద్నాలుగేళ్ళ బుర్రకి ఎక్కుతుందా? వాడికి కనపడేది ఒకటే, రోడ్డు మీద పిచ్చి వేషాలేస్తే ప్రపంచమంతా చూస్తుంది, డబ్బులొస్తాయి. అక్కడ వాళ్ళ వెనక ఎంతమంది ఉంటారో వీడికి కనపడదు.

కెమెరా వెనకాల

ఆ వెనక ఉండేవాణ్ణి నేనే కాబట్టి మాట్లాడుతున్నా. అమెరికాలో కాదులెండి, బీసెంట్ రోడ్డులో. రెండేళ్ళు ఒక ప్రాంక్ ఛానల్‌కి కెమెరా పట్టాను. ఇప్పుడు పెళ్ళిళ్ళు తీస్తున్నాను, అక్కడా ఏడుపులు నవ్వులే గానీ అడిగి తీస్తాం.

ముందు పిల్లలకి చెప్పాల్సిన నిజం ఏంటంటే మేము తీసినవాటిలో చాలామటుకు సెటప్. ఎదురుగా ఉన్నది మావాడి బావమరిదో, రూమ్‌మేటో. చెంపదెబ్బ కూడా రిహార్సల్ చేసిందే. నిజంగా తెలియనివాళ్ళ మీద తీస్తే పని మూడింతలు. ఆ ఇంగ్లీషు సినిమాల పద్ధతి వేరు. బ్యాడ్ ట్రిప్ నిర్మాతల్లో జెఫ్ ట్రెమేన్ ఉన్నాడు, జాకాస్ సినిమాలు తీసినాయన, 2002లో మొదటిది వచ్చింది. వాళ్ళు దెబ్బలు తమ ఒంటి మీద తిని పేరు తెచ్చుకున్న బ్యాచ్. అక్కడ ప్రాంక్ అయిపోగానే వెళ్ళి చెప్తారు, ఒప్పుకున్నట్టు కాగితం మీద సంతకం తీసుకుంటారు. సంతకం లేకపోతే మొహం బ్లర్ చెయ్యాలి, లేదంటే ఆ సీనే పోయినట్టు. సినిమా చివర పేర్లు పడేటప్పుడు ఆ జనానికి కెమెరాలు చూపించే ముక్కలు వేశారు, మీరు చూసే ఉంటారు. నాకు మొత్తం సినిమాలో బాగా నచ్చింది అదే. ఇంత చేసినా ఒక మంగలి షాపులో ఒకాయన వాళ్ళ మీదికి కత్తి తీశాడు, ఆ నటులే తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నారు. సెక్యూరిటీ, లాయర్లు అందరూ ఉన్నవాళ్ళకే ఆ గతి.

ఇక మా సంగతి. ఒకరోజు మావాడు ఉద్యోగం పోయినట్టు రోడ్డు పక్కన కూర్చుని ఏడవాలి, జనం పట్టించుకోకుండా పోతారు, "మానవత్వం ఎక్కడ" అని టైటిల్ పెట్టాలి. అదీ స్క్రిప్టు. బత్తాయి రసం బండి ఆయన చూశాడు. రెండు నిమిషాలు కూడా కాలేదు, గ్లాసు పట్టుకొచ్చాడు, పక్కన గొంతుక్కూర్చున్నాడు, తాగు తాగు అన్నాడు. మావాడు ఇంకా ఏడుస్తుంటే లుంగీ మడతలోంచి రెండొందలు తీసి జేబులో కుక్కి, "ఆటోనగర్‌లో నాకు తెలిసినోళ్ళున్నారు, రేపు రా" అన్నాడు. మా స్క్రిప్టు తగలడింది కదా అని నవ్వుకుంటూ నేను కెమెరాతో బయటికొచ్చి, అన్నా ప్రాంక్ అన్నా, అదిగో కెమెరా అన్నాను. అందరూ నవ్వుతారు ఆ మాటకి, అలవాటు. ఆయన నవ్వలేదు. మావాడి జేబులోంచి తన రెండొందలు తను తీసుకున్నాడు. "రసం ముప్పై రూపాయలు ఇవ్వండి" అన్నాడు. ఇచ్చాం. గ్లాసు కడుక్కుని పని చూసుకున్నాడు.

ఆ వీడియో పెట్టలేదు. మా ఓనర్‌కి పెట్టాలనే ఉంది, బ్యాక్‌గ్రౌండ్‌లో వయొలిన్ వేస్తే కోటి వ్యూస్ అన్నాడు. కార్డు నా దగ్గరుంది, ఫార్మాట్ చేసేశాను. తర్వాత నెలన్నర ఉన్నానేమో అక్కడ.

చట్టం సంగతి కూడా చెప్తాను, పిల్లలకి వినిపించండి. 2024 జులై ఒకటి నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. దాంట్లో 125వ సెక్షన్, పక్కవాళ్ళ ప్రాణానికో భద్రతకో ముప్పు వచ్చేలా నిర్లక్ష్యంగా ఏదన్నా చేస్తే మూడు నెలల దాకా జైలు, లేదా 2,500 దాకా జరిమానా, లేదా రెండూ. ఎవరికన్నా దెబ్బ తగిలితే ఇంకా పెరుగుతుంది. ప్రాంక్ అండీ అంటే స్టేషన్లో నవ్వి పంపించరు.

బ్రాడీపేట టీచరమ్మ

అమ్మాయ్, నేను ముప్పై ఒక్క సంవత్సరాలు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైర్ అయ్యాను. గుంటూరులో నా దగ్గర చదువుకున్న మగపిల్లలు నా కుర్చీ మీద దురదగుండాకు పొడి చల్లినవాళ్ళు, హెడ్మాస్టరు గారి సైకిలు వేపచెట్టెక్కించినవాళ్ళు. ఇప్పుడు వాళ్ళలో ఒకడు డాక్టరు, నా బీపీ వాడే చూస్తాడు. కాబట్టి పిల్లల అల్లరికి నేను గుండెలు బాదుకునే రకం కాదు. మీ సినిమా చూడలేదు, చూడను కూడా, మీరు చెప్పిన దాన్ని బట్టే మాట్లాడుతున్నాను.

హాస్టల్ అబ్బాయి చక్కగా చెప్పాడు గానీ సగమే చెప్పాడు. వెధవ వేషం వేసేది నటుడే, బాగుంది. కానీ ఎదుటి మనిషి ఆ కాసేపు పడ్డ కంగారు నటన కాదుగా నాయనా. మనిషి పైనుంచి పడుతుంటే చూసినావిడ గుండె దడ నిజమే. తర్వాత కెమెరా చూపించి నవ్వించినా ఆ దడ ముందు జరిగిపోయింది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని ఊరికే అనలేదు. ఆ బత్తాయిరసం ఆయన సంగతి చదివి నేను కాసేపు కళ్ళజోడు తీసి పక్కన పెట్టాను. ఆయన దగ్గర వాళ్ళు తీసుకున్నది ముప్పై రూపాయలతో తీరేదా?

తెనాలి మనకి కూతవేటు దూరం. రామకృష్ణుడి కథలు పిల్లలకి చెప్పేటప్పుడు ఎప్పుడూ ఒకటి గమనించేదాన్ని. చెట్టు చాటున దొంగలున్నారని తెలిసి నగల పెట్టె బావిలో పడేస్తున్నానని వినపడేట్టు అంటాడు. అది రాళ్ళ పెట్టె. వాళ్ళు రాత్రంతా నీళ్ళు తోడి పోస్తే ఆయన తోట తడుస్తుంది. ఆ కథకి క్లాసంతా నవ్వేది. అదే ఆయన దొంగల్ని కాకుండా ఒక కూలివాణ్ణి రాత్రంతా నీళ్ళు తోడించి కూలి ఎగ్గొట్టాడని చెప్పి చూడండి, ఒక్కడు నవ్వడు. రాజుగారి పిల్లికి వేడిపాలు పోయడం కూడా రాయలవారి ఎదుట నిలబడి జవాబు చెప్పుకోవాల్సిన పని. మీ వాడు ఎవరి ఎదుట నిలబడ్డాడు? నెలకి ఇంత అని అపార్ట్‌మెంటు వాళ్ళు ఇచ్చే డబ్బుతో బతికే ముసలాయన ఎదుట. అదే మాట అసోసియేషన్ ప్రెసిడెంటు దగ్గరికెళ్ళి, "అంకుల్, మిమ్మల్ని తీసేశారంట" అని అనగలడా? అడుగు వాణ్ణి.

ఇంకొకటి. టీవీలో కమెడియన్‌ని హీరో చెంప మీద కొడితే ఇంటిల్లిపాదీ అన్నం తింటూ నవ్వుతాం, అత్తగార్లు, మామగార్లు, ఐదేళ్ళ పిల్లలు అందరం. స్కిట్లలో డబుల్ మీనింగులకి కూడా నవ్వుతాం, పిల్లలకి అర్థం కాదులే అనుకుంటాం. ఎప్పుడో ఇంగ్లీషు సినిమా దగ్గరికొచ్చేసరికి మాత్రం మడి కట్టుకుంటాం. నువ్వు నవ్వినందుకు సిగ్గుపడకు. నీకు నవ్వొచ్చింది, నవ్వావు. అబద్ధం చెప్పి "అబ్బే, నేను చూడలేదు, నాన్న పెట్టారు" అంటే అప్పుడు సిగ్గుపడాలి.

పటమట అమ్మ

టీచర్ గారూ, నిజం చెప్పనా, ఆ రోజు నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదే. "నాన్న పెట్టారు." మా వారు పాపం సోఫా కింద నుంచి చెయ్యెత్తారు.

ప్రెసిడెంటు ప్రశ్న వాణ్ణి ఈ రాత్రికే అడుగుతాను.

అరండల్‌పేట నాన్న

టీచర్ గారూ నమస్కారం. స్కిట్ల మాట ఒప్పుకుంటున్నాను. మా ఇంట్లో వాటికి పిన్ లేదు.

కృష్ణలంక అక్క

ఇంతమంది ఇంత మాట్లాడారు, వాచ్‌మన్ తాతకి పిల్లాడు సారీ చెప్పాడా లేదా? అది ఎవరూ అడగరేం?

పటమట అమ్మ

(తొమ్మిది రోజుల తర్వాత)

మళ్ళీ వచ్చాను. కొంతమంది మెసేజ్ పెట్టి అడిగారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

కృష్ణలంక అక్కా, నీ ప్రశ్న చదివి తల తీసేసినట్టయింది. అప్పట్లో నేను తిట్టి, వీడియో డిలీట్ చేయించి, అక్కడితో ఊరుకున్నాను. ఆయనకి అది అబద్ధమని చెప్పింది కూడా వీడు కాదు, మా పెద్దది. ప్రెసిడెంటు ప్రశ్న అడిగితే వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఆయన కొడతాడుగా" అన్నాడు. మరి తాత కొట్టలేదే అన్నాను. "కొట్టలేడుగా" అని వాడే అని, లేచి బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పుకున్నాడు. మర్నాడు ట్యూషన్ నుంచి వస్తూ వాడంతట వాడే తాత దగ్గర ఆగాడంట, పైనుంచి మా పెద్దది చూసింది. ఏం చెప్పాడో మాకు చెప్పలేదు. ఆయన "ఏం ఫర్వాలేదు బాబూ" అన్నాడంట. కానీ ఇంతకుముందు మావాణ్ణి "ఏరా పెద్దమనిషీ" అని పిలిచేవాడు, ఆ పిలుపు ఇంకా రాలేదు. వాడు రోజూ ఆ గేటు దగ్గర సైకిలు మెల్లగా పోనిస్తున్నాడు.

సినిమా సంగతి. మొత్తం చూపించలేదు. ఆదివారం మధ్యాహ్నం రిమోట్ నా చేతిలో పెట్టుకుని నాలుగైదు సీన్లు చూపించాను. షాపింగ్ మాల్లో పాట పాడేది, ఇద్దరూ కొట్టుకుంటే జనం విడదీసేది, బార్‌లో తాగి పడేది, చివర్లో కెమెరాలు చూపించేది. గొరిల్లా ఊసెత్తగానే చిన్నోడే "వద్దమ్మా, వద్దు" అన్నాడు, హాస్టల్ బాబు చెప్పింది అక్షరాలా నిజం. పెద్దది మొత్తం సినిమా నాతో తర్వాత చూస్తానంది. పద్దెనిమిది నిండాక అన్నాను, నాలుగు నెలలేగా అంది. మాల్లో పాట దగ్గర అందరం కలిసి నవ్వాం. పిల్లలతో కలిసి అలా నవ్వి ఎన్ని రోజులైందో, ఈ ఎంసెట్ గొడవలో పడి. చివరి ముక్కలు మాత్రం చిన్నోడు రెండుసార్లు పెట్టించుకున్నాడు, ఒకావిడ కెమెరా అని తెలిసి నటుణ్ణి కావలించుకుంటుంటే, "వీళ్ళందరూ ఓకే అన్నాకే వేశారా?" అని అడిగాడు. అవునంట అని ఇక్కడ కెమెరా అబ్బాయి చెప్పింది చెప్పాను.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తా. బార్ సీన్ నడుస్తుండగా అత్తయ్యగారు నిద్ర లేచి, జపమాల చేత్తో పట్టుకునే వచ్చి మా వెనకాల నిలబడ్డారు. మేము చూసుకోలేదు. తెర మీద వాడు తాగి, పైనుంచి దభీమని పడి, లేచి ఒకటే కక్కుతున్నాడు. చుట్టూ జనం చేతులు అడ్డం పెట్టుకుంటున్నారు. నా ప్రాణం పోయింది, రిమోట్ నొక్కుతుంటే పని చెయ్యదు. అత్తయ్యగారు చాలా శ్రద్ధగా చూశారు. చూసి, "అయ్యో, ఎవరి బిడ్డో. ఒక్కళ్ళన్నా కాస్త మజ్జిగలో నిమ్మకాయ పిండి పొయ్యరేంటే?" అన్నారు.

నలుగురం నవ్వుతుంటే ఆవిడకి కోపం వచ్చింది. ఇప్పుడు రోజూ అడుగుతున్నారు, ఆ అబ్బాయికి తగ్గిందా అని.